ఇల్లు మారేటప్పుడు ప్యాకర్లను పిలవాలా, మనమే మోసుకోవాలా?

ప్రశ్న: రెండు పడకగదుల ఇల్లు, రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కొత్త ఇల్లు 300 కిలోమీటర్ల దూరంలో, మొదటి అంతస్తులో. ప్యాకర్లు చెప్పిన ధర మరీ ఎక్కువ అనిపిస్తోంది. లారీ మాట్లాడుకుని, ఇద్దరు స్నేహితుల్ని తోడు పెట్టుకుని మేమే మారిపోతే సరిపోదా?

జవాబు:

సరిపోవచ్చు. కానీ "వాళ్ళా, మేమా" అని అడిగితే లెక్క తేలదు. ఇల్లు మారడంలో మూడు పనులున్నాయి: సర్దడం, మోయడం, తరలించడం. మూడింటికీ కావలసిన నేర్పు వేరు, నష్టం జరిగే తీరూ వేరు. ప్యాకర్ల కొటేషన్‌లో మూడూ ఒకే మూటగా కట్టి ఉంటాయి గనక ధర కొండంత కనిపిస్తుంది. ఆ మూట విప్పమని అడగొచ్చు. మీ పరిస్థితికి నా సలహా: సర్దుడులో ఎక్కువ భాగం మీరే చేసుకోండి, మోత మాత్రం దానికి అలవాటుపడ్డవాళ్ళకే వదిలేయండి. లారీ ఎవరిదన్నది కాగితాలు చూశాక తేల్చుకోవచ్చు.

ముందు సామాను కొలవండి. ఒక్కో గదీ తిరిగి, ప్రతి వస్తువూ ఎంత చోటు తింటుందో క్యూబిక్ అడుగుల్లో రాసుకోండి. ఈ పనిలో ఉన్నవాళ్ళు వాడే ఉజ్జాయింపులు ఇవి: మూడు సీట్ల సోఫా 50, డబుల్ కాట్ పరుపుతో కలిపి 60 నుంచి 70, ఫ్రిజ్ 45 పైన, వాషింగ్ మెషీన్ 25, కుర్చీ ఒక్కోటి 5, చిన్న అట్టపెట్టె 1.5, మధ్యరకంది 3. అటక మీదివి, బాల్కనీలోవి, మంచం కింద అరల్లోవి కూడా రాయండి. లెక్క తప్పేది దాదాపు ఎప్పుడూ అక్కడే. రెండు పడకగదుల ఇంటికి మొత్తం 700 నుంచి 1000 దాకా రావడం మామూలే. సగటున క్యూబిక్ అడుగుకు 3 కిలోల పైచిలుకు బరువు వేసుకుంటే, రెండు టన్నుల పైనుంచి మూడు టన్నుల దాకా తూగుతుంది.

ఇప్పుడు ఆ అంకెను లారీ పక్కన పెట్టండి. 14 అడుగుల పొడవు, 6 వెడల్పు, 6 ఎత్తు ఉన్న బాడీ అంటే కాగితం మీద 504 క్యూబిక్ అడుగులు. సామాను ఇటుకల్లా ఉండదు, సందులు వదులుతుంది. నాలుగింట మూడు వంతులు నిండితే బాగా సర్దినట్టే, అంటే 380 దగ్గర. మీ సామాను 700 అయితే అందులో సగానికి కాస్త పైన మాత్రమే పడుతుంది. ఊళ్ళోనే మారుతుంటే రెండో ట్రిప్పు వేయొచ్చు. 300 కిలోమీటర్లకు రెండో ట్రిప్పు అంటే లారీ ఖాళీగా వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళాలి, ఇంకో 600 కిలోమీటర్లు. సొంతంగా మారబోయి ఖర్చు తడిసి మోపెడయ్యేది ఎక్కువగా ఇక్కడే. 20 అడుగుల పొడవు, ఏడేసి అడుగుల వెడల్పూ ఎత్తూ ఉన్న బాడీ (కాగితం మీద 980) మాట్లాడుకోవాలి, లేదా సామాను తగ్గించుకోవాలి.

తగ్గించడానికి తేలికైన దారి ఉంది. పార్టికల్ బోర్డుతో చేసిన అల్మారాలు, టీవీ స్టాండులు తీసుకెళ్ళకండి. ఆ బోర్డు రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసింది. స్క్రూ ఒకసారి ఊడదీశాక మళ్ళీ అదే రంధ్రంలో పట్టు ఉండదు. విప్పకుండా మోస్తే మూలలు విరుగుతాయి, విప్పి బిగిస్తే తలుపులు వేలాడతాయి. అది మోయించే ఖర్చును, దాన్ని ఇక్కడే అమ్మేసి అక్కడ పాతదొకటి కొనే ఖర్చుతో పోల్చి చూడండి. ప్లైవుడ్, గట్టి కర్ర, ఇనుము అయితే ఈ బాధ లేదు.

ఇక మెట్లు. మీ నిర్ణయాన్ని దూరం కంటే ఎక్కువగా తేల్చేవి మెట్లే. అట్టపెట్టెలు 50 అనుకోండి. ముగ్గురు మోస్తే తలా 17 సార్లు దిగి ఎక్కాలి. ఒక్కో విడతకు నాలుగు నిమిషాలు వేసినా పెట్టెలకే గంటా పది నిమిషాలు, అదీ ఎక్కడా ఆగకుండా. అలవాటు లేని ఒళ్ళు పదో విడతకే మొరాయిస్తుంది, కాబట్టి రెట్టింపు వేసుకోండి. ఇంకా మంచాలు, సోఫా, బీరువా, ఫ్రిజ్ ముట్టుకోనే లేదు. ప్రయాణం అయ్యాక, అప్పటికే అలిసిన వాళ్ళే అదంతా మళ్ళీ పైకి మోయాలి. దెబ్బలు తగిలేదీ, గోడలు గీసుకుపోయేదీ ఆ రెండో సగంలోనే.

బరువు ఎంత దాకా క్షేమం అన్నదానికి ఒక కొలబద్ద ఉంది. అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ నియోష్ బరువులెత్తడానికి ఇచ్చిన సూత్రం 23 కిలోలతో మొదలవుతుంది. అదీ వస్తువు ఒంటికి దగ్గరగా, నడుం తిప్పకుండా, మంచి పట్టుతో, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తేటప్పుడు. చేతులు చాచినా, నడుం మెలిపెట్టినా, మాటిమాటికీ ఎత్తినా ఆ హద్దు ఇంకా దిగుతుంది. మెట్ల మీద ఈ షరతులేవీ నిలవవు. పెట్టె 15 నుంచి 18 కిలోలు దాటకుండా చూసుకోండి. పుస్తకాలు చిన్న పెట్టెలోనే వేయాలి. 1.5 క్యూబిక్ అడుగుల పెట్టె నిండా పుస్తకాలు వేస్తేనే పాతిక కిలోల దాకా తూగుతుంది, కాబట్టి సగం దాటాక పైన దిండు గలీబులో, తువ్వాళ్ళో వేసి నింపండి. పెద్ద పెట్టెలో పుస్తకాలు పోశారంటే అడుగు ఊడడం ఖాయం.

పెద్ద వస్తువును ఇద్దరు పట్టుకుని మెట్లు దిగుతుంటే బరువు ఇద్దరికీ సమానంగా పడదు. కింద ఉన్నవాడి మీదే ఎక్కువ పడుతుంది, పై మనిషి కాలు జారితే మొత్తం కిందివాడి మీదికే వస్తుంది. మోత తెలిసిన జట్టు కింద బలవంతుణ్ణి పెడుతుంది, పైన ఉన్నవాడు దారి చెబుతాడు, భుజాలకు పట్టీలు వేసుకుని బరువును చేతుల మీంచి కాళ్ళకు మళ్ళిస్తారు, మలుపులో వస్తువును ఎక్కడ నిలబెట్టి తిప్పాలో ముందే చూసుకుంటారు. స్నేహితులతో ఇది ఒక్క పూటలో నేర్చుకునే పని కాదు. పైగా స్నేహితుడి నడుం పట్టేస్తే దానికి బీమా ఉండదు, మొహమాటం మాత్రమే ఉంటుంది.

సోఫా గుమ్మం పడుతుందో లేదో మోసే రోజున తెలుసుకోవద్దు. సోఫాను నిలువుగా లేపి, L ఆకారంలో గుమ్మంలోంచి తిప్పుతారు. అప్పుడు అడ్డం వచ్చే కొలత దాని పొడవు కాదు, పక్క నుంచి చూస్తే కనిపించే లోతు, ఎత్తులలో చిన్నది. అది తలుపు తీసినప్పుడు మిగిలే ఖాళీ కంటే తక్కువ ఉండాలి. చట్రం అంచు నుంచి తెరిచిన తలుపు మందం దాకా కొలవండి. రెండు అంగుళాల తేడా ఉన్నప్పుడు తలుపును బందుల నుంచి ఊడదీస్తే పని అయిపోతుంది. మెట్ల మలుపు దగ్గర పైకప్పు ఎత్తు కూడా కొలవండి, నిలబెట్టిన సోఫా తగిలేది అక్కడే.

యంత్రాల విషయంలో నిపుణుణ్ణి పిలవాలా వద్దా అన్నది వస్తువును బట్టి మారుతుంది.

ముందువైపు తలుపున్న వాషింగ్ మెషీన్‌లో డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతూ, షాక్ అబ్జార్బర్ల ఆసరాతో ఉంటుంది. కొన్నప్పుడు వెనక సాధారణంగా మూడో నాలుగో ట్రాన్సిట్ బోల్టులు ఉంటాయి, బిగించిన మనిషి వాటిని తీసి మీ చేతికిచ్చి ఉంటాడు. అవి లేకుండా లారీలో 300 కిలోమీటర్లు వెళితే ప్రతి గతుకుకూ డ్రమ్ము ఊగి బాడీని కొడుతుంది. షాక్ అబ్జార్బర్లు, బేరింగులు దెబ్బతింటాయి. ఇంట్లో వెతకండి, దొరక్కపోతే మోడల్ నంబరు చెప్పి సర్వీసు వాళ్ళ దగ్గర కొనండి. ఎంత ఖరీదైన ప్యాకర్లయినా ఈ బోల్టులు వాళ్ళ దగ్గర ఉండవు. బయటి నుంచి ఎన్ని పొరలు బబుల్ షీటు చుట్టినా లోపలి డ్రమ్ము ఆగదు. పైన మూత ఉండే రకానికి డ్రమ్ముకూ బయటి బాడీకీ మధ్య మెత్తటి గుడ్డలు కుక్కి, మూతకు టేపు వేస్తే చాలు. ఏ రకమైనా కింద ఫిల్టరు ఉంటే తెరిచి, గొట్టంలో మిగిలిన నీళ్ళు వంచేయండి. లేకపోతే ఆ నీళ్ళు దారిలో పక్కనున్న పరుపు తాగుతుంది.

ఫ్రిజ్‌ను ముందు రోజే ఆపి, మంచు కరిగించి, వెనక నీటి పళ్ళెం ఖాళీ చేసి, లోపలి గాజు అరలు బయటికి తీయండి. నిలబెట్టే తీసుకెళ్ళాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పోతుంది, వెంటనే ఆన్ చేస్తే కంప్రెసర్ నూనె లేకుండా తిరుగుతుంది. తప్పనిసరై పడుకోబెడితే, ఎంతసేపు పడుకోబెట్టారో కనీసం అంతసేపు నిలబెట్టాకే స్విచ్ వేయండి.

ఏసీ మీరు ముట్టుకోకండి. దాన్ని విప్పేముందు మెకానిక్ పంప్ డౌన్ చేస్తాడు: కూలింగ్‌లో నడుపుతూ సన్న గొట్టం వాల్వు మూసి, గ్యాసంతా అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి, తర్వాత లావు గొట్టం వాల్వు మూసి వెంటనే ఆపేస్తాడు. ఇది చేయకుండా నట్లు విప్పితే గ్యాసంతా గాల్లో కలుస్తుంది. అక్కడ బిగించేటప్పుడు గొట్టాల్లోని గాలిని, తేమను వాక్యూమ్ పంపుతో లాగేయాలి. ప్యాకర్ల ధరలో "ఏసీ విప్పడం, బిగించడం" అని ఉంటే గ్యాసు నింపడం, అదనపు రాగి గొట్టం అందులో ఉన్నాయో లేవో అడగండి. చాలాసార్లు ఉండవు.

టీవీని ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి, తెర మీద ఏదీ ఆనకూడదు. అసలు పెట్టె ఉంటే అదే మేలు. ఇన్వర్టర్ బ్యాటరీని నిటారుగా, టెర్మినళ్ళకు టేపు చుట్టి పంపాలి. గ్యాసు సిలిండరు, పెట్రోలు, రంగుల డబ్బాలు, యాసిడ్ మూసిన లారీలో వేయకూడదు, బాధ్యత తెలిసిన ప్యాకర్లు వీటిని తీసుకోరు. తీసుకుంటామని తేలిగ్గా ఒప్పేసుకున్నవాళ్ళని అనుమానించండి.

కొటేషన్ల సంగతికి వద్దాం. మూడు చోట్ల అడగండి. సామాను చూడకుండా ఫోన్లోనే ధర చెప్పిన మనిషిని అక్కడితో వదిలేయండి. ఇంటికొచ్చో, వీడియో కాల్‌లో అరలు తెరిపించి చూసో లెక్క వేసినవాళ్ళ అంకెకే విలువ. చూడకుండా తక్కువ చెప్పి, లారీ నిండాక "సామాను ఎక్కువైంది" అని ధర పెంచడం ఈ పనిలో పాత ఎత్తు. అప్పటికి మీ ఇల్లంతా వాళ్ళ లారీలో ఉంటుంది, బేరమాడే బలం మీకుండదు. కాగితం మీద వస్తువుల జాబితా ఉండాలి, "ఈ జాబితాకు ఇదే ఆఖరి ధర" అన్న మాట ఉండాలి. అంతస్తుల మోత, సామాను విప్పి బిగించడం, లారీ ఇంటి దాకా రాలేకపోతే చిన్న బండిలోకి మార్చడం, ఆలస్యమైతే గోదాము అద్దె, ఇవన్నీ అందులో కలిశాయో లేదో రాయించుకోండి. ముందే మొత్తం డబ్బు అడిగితే ఇవ్వకండి. కొంత బుకింగ్‌కు, కొంత లోడింగ్ అయ్యాక, మిగతాది దించాక.

ఇంకో రెండు ప్రశ్నలు తప్పకుండా అడగాలి. ఒకటి, లారీ మీదేనా, లేక పని తీసుకుని వేరేవాళ్ళకు అప్పగిస్తారా? మధ్యవర్తి అయితే, ఏదైనా విరిగినప్పుడు ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. రెండు, లారీ మొత్తం మాకేనా, పంచుకునే లోడా? ధర బాగా తక్కువగా ఉందంటే అది తరచూ పంచుకునే లోడే. అందులో తప్పేం లేదు, కానీ మీ సామాను గోదాములో దిగి ఇంకో లారీ ఎక్కుతుంది. వస్తువులు విరిగేది ప్రయాణంలో కంటే ఎక్కించి దించేటప్పుడే ఎక్కువ. ఒక్కసారి ఎక్కి ఒక్కసారి దిగే సామాను రెండేసి సార్లు ఎక్కి దిగితే ఆ ముప్పు రెట్టింపు. చేరే తేదీ కూడా వాళ్ళ చేతిలోకి పోతుంది. గాజు సామాను ఎక్కువున్నవాళ్ళు, ఫలానా రోజుకు ఇల్లు సిద్ధం కావలసినవాళ్ళు మొత్తం లారీ తీసుకోవడమే నయం.

బీమా అన్న మాట కొటేషన్‌లో కనిపించగానే నిశ్చింతగా ఉండకండి. రవాణా బీమాలో కొన్ని లారీ బోల్తాపడడం, కాలిపోవడం లాంటి పెద్ద ప్రమాదాలకే పనికొస్తాయి, గ్లాసు పగిలినా బల్ల గీసుకుపోయినా వాటిలో పైసా రాదు. మీరు సర్దిన పెట్టెలో వస్తువు పగిలితే చాలా పాలసీలు చెల్లించవు, ఎందుకంటే ఎలా సర్దారో వాళ్ళు చూడలేదు. విలువ తగ్గించి చెప్పి ప్రీమియం మిగుల్చుకుందామనుకుంటే అదీ ఎదురు తిరుగుతుంది. నూరు విలువ చేసే సామానుకు యాభైకే బీమా చేస్తే, ఇరవై నష్టానికి పదే చెల్లించే నిబంధన మామూలుగా ఉంటుంది. నగలు, నగదు, ఆస్తి కాగితాలు, సర్టిఫికెట్లు, మందులు, లాప్‌టాప్ ఏ పాలసీ మీదా, ఏ లారీలోనూ పెట్టొద్దు. మీ చేతి సంచిలో ఉండాలి.

సర్దుడు పంపకం ఈ బీమా లెక్కను బట్టే. పగిలేవి, అంటే గాజు, పింగాణీ, టీవీ, అద్దాలు, దేవుడి పటాలు, వాళ్ళ చేతే సర్దించండి. బట్టలు, పుస్తకాలు, స్టీలు సామాను, పరుపులు, బొమ్మలు మీరు సర్దుకోండి. పెట్టెల సంఖ్యలో అవే ఎక్కువ, పగలడానికి అందులో ఏమీ లేదు, వాటి మీద పెట్టే కూలీ దండగ. చేయి తిరగనివాళ్ళు గంటకు మూడు నాలుగు పెట్టెలు సర్దగలరు, వంటిల్లు అంతకంటే మెల్లగా సాగుతుంది. రోజుకు రెండు మూడు గంటల చొప్పున వారం ముందు మొదలుపెడితే తీరిగ్గా అయిపోతుంది. గాజూ మీరే సర్దాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, పుస్తకాల అరలోలా అంచు మీద నిలబెట్టాలి. పడుకోబెడితే గతుకుకు పైవాటి బరువంతా అడుగుదాని నడిమధ్య మీద పడి అది చిట్లుతుంది. బల్ల మీది గాజు పలకకూ ఇదే సూత్రం. పెట్టె నిండినట్టుండాలి, ఊపితే లోపల కదలకూడదు. సగం ఖాళీ పెట్టె మీద ఇంకోటి పెడితే కింది పెట్టె అణిగిపోతుంది.

ప్యాకర్లు కాకుండా లారీ, హమాలీలను విడిగా మాట్లాడుకునే దారీ ఉంది. ధర బాగా తగ్గుతుంది, కానీ లోడింగ్ సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం మీ పని. బరువైనవి, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బీరువా, పుస్తకాల పెట్టెలు, డ్రైవరు క్యాబిన్ వైపు గోడకు ఆనించి, కుడి ఎడమలకు సమంగా. వాటి మీద తేలికవి, కప్పు దాకా వరస పూర్తయ్యాకే రెండో వరస. పరుపులను అంచు మీద నిలబెట్టి, చెక్క సామానుకు మధ్య అడ్డుగోడలా వాడండి. మూడు నాలుగు అడుగులకొక చోట తాడు కట్టాలి. ఒకే తాడు చివర్లో కట్టి వదిలేస్తే మొదటి గట్టి బ్రేకుకే వరసలన్నీ ముందుకు వాలి వదులవుతాయి, ఆ తర్వాత ప్రతి గతుకూ వాటిని రాపాడిస్తుంది. బాడీ తెరిచిన లారీ అయితే టార్పాలిన్ పైనే కాదు, కిందా పరవండి. చక్రాల నీళ్ళు పలకల సందుల్లోంచి లోపలికి చిమ్ముతాయి. హమాలీలు ఇక్కడ ఎక్కించినవాళ్ళే అక్కడికి రారు గనక, అటు దించే మనుషుల్ని ముందే మాట్లాడిపెట్టాలి. లారీ గుమ్మం ముందు నిలబడ్డాక మనుషుల్ని వెతికితే వాళ్ళు అడిగిందే ధర.

రెండు దారుల్నీ డబ్బులో పోల్చేటప్పుడు మీ వైపు లెక్క పూర్తిగా రాయండి: లారీ, డ్రైవరు బత్తా, టోల్, రెండు చోట్లా హమాలీ, పెట్టెలు, టేపు, ఏసీ మెకానిక్, విప్పి బిగించే వడ్రంగి, మీరు పెట్టే సెలవు రోజుల జీతం. ఇవన్నీ వేశాక తేడా ప్యాకర్ల ధరలో పావు వంతు కంటే తక్కువే మిగిలితే, నా మట్టుకు ఆ మిగులు కోసం ఇంత తలనొప్పి అక్కర్లేదంటాను. సగం మిగిలితే మాత్రం ఆలోచించాల్సిందే.

మీ ఇల్లే ఒకే గదీ, పది కిలోమీటర్ల దూరమూ, కింది అంతస్తూ అయి ఉంటే ఇంత చెప్పేవాణ్ణి కాదు. చిన్న బండి రెండు ట్రిప్పులు, ఇద్దరు హమాలీలు, ఒక పూటలో అయిపోయేది. ఇంట్లో పెద్దవాళ్ళో, పసిపిల్లలో, గర్భిణో ఉంటే, లేదా నడుం నొప్పి ఇదివరకే ఉంటే దూరం ఎంతైనా పూర్తి ప్యాకింగ్ తీసుకోండి.

లోడింగ్ రోజున ప్యాకర్ల మనిషి వస్తువుల జాబితా రాసి సంతకం అడుగుతాడు. ఎదురుగా "గీతలున్నాయి", "సొట్ట" అని రాసుకుంటూ పోతాడు. లేని సొట్టలు రాశాడేమో చదివి, తప్పయితే అక్కడే కొట్టించండి, ఎందుకంటే రేపు విరిగితే "ముందే ఉంది" అనడానికి అదే ఆధారం. టీవీ, ఫ్రిజ్, అల్మారా తలుపులు నాలుగు వైపులా ఫోటోలు తీయండి, టీవీని ఆన్ చేసి కూడా ఒకటి. పెట్టెలకు వరస నంబర్లు వేయండి. దించేటప్పుడు ఒక మనిషి గుమ్మం దగ్గర నిలబడి నంబర్లు కొట్టేయడం తప్ప ఇంకే పనీ చేయకూడదు. అందిందని సంతకం చేసేముందు పగిలినవి, రానివి ఆ కాగితం మీదే రాయండి, విప్పని పెట్టెలుంటే "లోపల చూడలేదు" అని చేర్చండి. ఫిర్యాదు గడువు పాలసీలో ఎన్ని రోజులని ఉందో చూసుకుని, పగిలేవి ఉన్న పెట్టెలను ఆ లోపే ముందుగా విప్పండి. వాషింగ్ మెషీన్ నడిపే ముందు ట్రాన్సిట్ బోల్టులు తీయండి. అవి ఉండగా స్పిన్ పెడితే మెషీన్ గదంతా గెంతుతుంది.